ఉడుకేరు అనడానికి ముగ్గురు కావాలి

రోజు 88

ఈ పుస్తకం నా సొంతం. నీటి చిట్టా వేరే ఉంది. దాన్ని రాసేదీ నేనే గానీ, అందులో రోజుకి మూడు మాటలకి మించి రాయడానికి వీల్లేదు. మిగతా కడుపుమంట ఎక్కడో ఒకచోట కక్కాలి కదా, అందుకని ఇది మొదలుపెట్టాను.

ఇవాళ చిట్టాలో రాసినవి: దానమ్మ, ఉడుకు. ఎర్రెమ్మ, ఉడుకు. గురమ్మ, గోరువెచ్చన.

దానమ్మ అంటే నేను. సముద్రం మీద తేలే సంద్రవాడలో పన్నెండో వరస మాది. అన్నిటికన్నా చివరి తెప్పలు, ఇరవై మూడు ఇళ్ళు. ప్రతి వరసకీ ఉన్నట్టే మాకూ ముగ్గురు మోచేతి మనుషులం ఉన్నాం. పొద్దు పొడిచే వేళకి, నాచు తాళ్ళు వేలాడే నాలుగు బారల లోతునుంచి మూడు కడవల నీళ్ళు తోడిస్తాం. ఒకరి మొహం ఒకరికి కనబడకుండా మూడు వైపులకి తిరిగి కూర్చుంటాం. ఎడమ చెయ్యి మోచేతిదాకా ముంచి, వంద లెక్కపెట్టి, పైకి చెప్తాం. చల్లన, నులివెచ్చన, గోరువెచ్చన, ఉడుకు, ఈ నాలుగింటిలో ఒకటి. ఉడుకంటే ఒళ్ళు కాలేంత కాదు, నాచు చచ్చేంత. అభిప్రాయాలు కలవకపోతే తక్కువ వేడి చెప్పినవాళ్ళ మాటే చెల్లుతుంది.

ముగ్గురూ ఉడుకు అన్ననాడు మాత్రం చిట్టాలో ఇంకో మాట రాయాలి. ఉడుకేరు. అది రాసి పంపితే, అన్ని వరసల మీదా పెత్తనం చేసే నడిమి తెప్పవాళ్ళు మారుమాట లేకుండా పాతాళ గొట్టం మూత తిప్పి, సముద్రం అడుగునుంచి లాగిన చన్నీళ్ళు తొమ్మిది రోజులు మా విత్తనం తొట్లకి వదలాలి. ఆ తొమ్మిది రోజులూ, అవే నీళ్ళతో చల్లబడే వాళ్ళ చలవగదులు మూసుకోవాలి. తాళ్ళనుంచి తొట్లలోకి మార్చిన మా విత్తనపు నాచు ఆ చన్నీళ్ళలో ముడుచుకుని మొద్దునిద్ర పోతుంది. ఆ తర్వాత పైన నీళ్ళు ఎంత కాగినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

గురమ్మత్త గోరువెచ్చన అంది కాబట్టి ఇవాళ్టికి గోరువెచ్చనే. నా మోచెయ్యి మాత్రం ఉడుకనే చెప్తోంది.

రోజు 89

మళ్ళీ అంతే. ఉడుకు, ఉడుకు, గోరువెచ్చన.

నాకు జ్వరమేమో అనుకుని నుదురు తడిమి చూడమని మా ఆయన దాసుని అడిగాను. జ్వరం లేదు, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది అన్నాడు. తర్వాత తాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఒక నాచు కొస తెంపుకొచ్చి నా అరచేతిలో పెట్టాడు. ముదురు గోధుమరంగులో ఉండాల్సిన కొస తెల్లగా పాలిపోయి ఉంది. ఎనిమిది తాళ్ళలో మూడింటికి ఇలాగే ఉందట.

విత్తనం పోయిన వరసని ఉంచరు. తిండి పండించని తెప్పలని విప్పేసి కలపగా వాడుకుంటారు. మనుషుల్ని మిగతా వరసలకి పంచుతారు. పంచడం అంటే ఇల్లు ఇల్లుగా కాదు, బరువు లెక్కన. ఏ తెప్పా ఒకరిద్దరికి మించి కొత్త బరువు మొయ్యదు మరి. మొగుడొక చోట, పెళ్ళామొక చోట, పిల్లలింకో చోట. నెలకోసారి చుట్టుపడవ వచ్చినప్పుడు చూసుకోవాలి.

మా పైడికి పదకొండేళ్ళు. ఇంకా నా చీర కొంగు పట్టుకుని పడుకుంటుంది. అది ఎవరి తెప్ప మీదో, ఎవరి పక్కనో పడుకోవడం నేను ఊహించలేను. అంచేత ఊహించను.

రోజు 90

ఇవాళ కూడా గోరువెచ్చనే. నాకు కోపమొస్తే మాటల మీద పడతాను, కాబట్టి ఆ మాట గురించి రాస్తాను.

ఉడుకేరు అంటే దక్షిణంనుంచి వచ్చే వెచ్చటి పాయ. సముద్రంలో ఏరు. దానికి గట్లు ఉండవు గానీ దారి ఉంటుంది. అంచు తగిలినచోట నీళ్ళు కాగుతాయి, పక్క తెప్ప కింద మామూలుగానే ఉంటాయి. అందుకే ఏ వరస మాట ఆ వరసకే చెల్లుతుంది. ఎప్పుడూ మొదట తగిలేది మా చివరి వరసకే.

మా వరసలో ఆ మాట ఊరికే పలకరు. వంటింట్లో అస్సలు పలకరు. పిల్లలెవరైనా అంటే నోటిమీద ఒక్కటి పడుతుంది. తప్పనిసరైతే "పెద్దది" అంటాం, "దక్షిణపుది" అంటాం. ముగ్గురూ చెప్పాక రాసేవాళ్ళే మొదట పలకాలి. నేను చిట్టా పట్టి ఆరేళ్ళయింది, ఒక్కసారీ పలకలేదు. నడిమి తెప్పవాళ్ళకి ఈ పట్టింపులేం లేవు. కాఫీ వేడిగా ఉంటే ఉడుకేరు, పెళ్ళాం కసిరితే ఉడుకేరు. చలవగదుల్లో కూర్చున్నవాళ్ళకి ఏ మాటైనా సరసమే.

మోచెయ్యి ఎందుకు, మీటరు పెట్టుకోవచ్చుగా అని ఒడ్డునుంచి వచ్చినవాళ్ళు అడుగుతూ ఉంటారు. మొదట్లో మీటర్లే ఉండేవి. వాటిని సరిచూసేది నడిమి తెప్పవాళ్ళు. అవి రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తూ ఉండగా తొమ్మిదో వరస విత్తనం మొత్తం కుళ్ళిపోయింది. అప్పుడు మా తాతలు గొడవచేసి రాయించుకున్నారు: ఇకమీదట మీటరు మాట చెల్లదు, ఆ నీళ్ళ మీద బతికే ముగ్గురు ఆడవాళ్ళ మోచేతి మాటే చెల్లుతుంది అని. రాయించుకుని మీటర్లన్నీ సముద్రంలో పారేశారు. దాన్ని మేం ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం.

ఎర్రెమ్మ ఆ తొమ్మిదో వరస మనిషే. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు పంపకంలో మా వరసకి వచ్చింది. తల్లి ఏడో వరసకి, అన్న మూడో వరసకి పోయారు. పెద్దయ్యాక తల్లిని కలిస్తే ఏం మాట్లాడాలో తోచక, నాచు బాగుందా అని అడిగిందట.

రోజు 91

ఆగలేక గురమ్మత్తని అడిగేశాను. మర్యాదగానే అడిగాను. ఒకసారి చెయ్యి మార్చి చూడకూడదా అన్నాను, అంతే.

ఆవిడ చేపలు తోముతూ తలెత్తకుండా అంది: "ముప్పయ్యొక్క ఏళ్ళనుంచి ముంచుతున్న సెయ్యే ఇది. నీకు నేర్పింది కూడా ఇదే. దీనికి నువ్వు లెక్కలు సెప్తావేటే?"

సిగ్గుతో చచ్చిపోయాను. నిజమే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పంతొమ్మిది కడవలు వరసగా పెట్టి, ఒక్కోదానిలో నా చెయ్యి ముంచి, తేడా తెలిసేదాకా అన్నం పెట్టలేదు. ఆ తర్వాత తనే కలిపి తినిపించింది. మా పైడి పుట్టినప్పుడు మొదటి స్నానానికి నీళ్ళు తన మోచేత్తో చూసి పోసింది కూడా ఆవిడే. మా అమ్మ పోయాక నాకు తల్లి వరస ఎవరైనా ఉన్నారంటే ఈవిడే. అలాంటి మనిషి చేతిని అనుమానించానని వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ వంగిన నడుముని నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది. పై వాక్యం కొన్ని రోజుల తర్వాత చేర్చాను.

రోజు 93

రెండు తాళ్ళు పోయాయి. దాసు పట్టుకొచ్చిన గుప్పెడు నాచు వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. జిగురు, పైగా కుళ్ళు కంపు. పైడి ముక్కు మూసుకుని, ఇది మన నాచేనా అని అడిగింది.

ముగ్గురూ ఒప్పుకోకుండానే రాసెయ్యమని ఎర్రెమ్మ అంటోంది. రాయలేను. రాసి పంపాక వాళ్ళకి అనుమానమొస్తే, మూత తిప్పేముందు ముగ్గురినీ పిలిచి ఒక్కొక్కరి చేత మళ్ళీ చెప్పిస్తారు. గురమ్మత్త కాదంటే దొంగరాత కింద లెక్క. ఆ వరస మోచేతి హక్కు పోతుంది, మళ్ళీ నడిమి తెప్ప మీటరు కిందికి వెళ్ళాల్సిందే. గురమ్మత్త స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టడానికీ లేదు. మోచేతి మనిషి తన తర్వాతివాళ్ళని తనే చెప్పాలి, ఇంకొకరు తీసెయ్యడానికి వీల్లేదు. మా తాతలు నడిమి తెప్పవాళ్ళు వేలుపెట్టకుండా అన్ని తలుపులూ మూశారు. మేం లోపలే ఉన్నామన్న సంగతి మర్చిపోయారు.

రోజు 95

నేను చేసింది రాస్తాను. తప్పయితే తప్పే.

పొద్దున కడవలు తోడించాక, గురమ్మత్త కడవలోని నీళ్ళు పారబోసి, మా పొయ్యి మీద కాచిన నీళ్ళు పోశాను. మరీ మరిగినవి కాదు. పళ్ళు బిగించి చెయ్యి పెట్టి ఉంచగలిగేటంత, అంతే. నాకు కావలసిందల్లా ఒకటే. ఆవిడ చేతిలో స్పర్శ పోయిందేమో, ముసలితనంలో కొందరికి పోతుంది, ఆ సంగతి బయటపడితే ఆవిడే మర్యాదగా తప్పుకుని మనవరాలి పేరు చెప్తుంది అనుకున్నాను. దేవుడి సాక్షిగా అంతకుమించి అనుకోలేదు.

ముగ్గురం మూడు వైపులకి తిరిగి కూర్చున్నాం. చెయ్యి ముంచుతూనే నా వెనక ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది. స్పర్శ ఉంది. లేచి నన్ను తిడుతుందనుకుని వీపు బిగించుకు కూర్చున్నాను. తిట్టలేదు. వంద పూర్తిగా లెక్కపెట్టింది, మధ్యలో గొంతు ఒకసారి తెగింది, మళ్ళీ అందుకుంది.

నేను ఉడుకు అన్నాను. ఎర్రెమ్మ ఉడుకు అంది.

గురమ్మత్త, "గోరెచ్చన" అంది.

లేచి చూశాను. మోచేతిదాకా చెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఆవిడ కొంగు లాగి కప్పుకుంటూ నా కళ్ళలోకి చూసింది. నేనే పోశానని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని నాకు తెలుసు. ఒక్క మాట అంటే చాలు, ఇరవై మూడు ఇళ్ళు నిలిచేవి. ఆ మాట అనకుండా ఉండడం కోసం చెయ్యి కాల్చుకుంది.

చిట్టాలో గోరువెచ్చన అని రాశాను. నా చేతిరాత నాకే అసహ్యమేసింది.

రోజు 96

మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళాను. కందిన చేతికి చేపనూనె రాసుకుంటోంది. ఎందుకు అని మాత్రం అడిగాను.

దాచలేదు. చెప్పేటప్పుడు గొంతులో తడబాటు కూడా లేదు. నడిమి తెప్పలో పాతాళ గొట్టం మూత కాపలాదారు కొర్లయ్య రెండు నెలల కిందటే వచ్చి మాట్లాడాడట. గొట్టంలో చన్నీళ్ళు తగ్గుతున్నాయి, చివరి వరసదాకా పంపితే దారిలోనే సగం వేడెక్కిపోతున్నాయి, ఎప్పటికైనా పన్నెండో వరస విప్పెయ్యక తప్పదు అన్నాడట. అందరినీ చెదరగొట్టినా ఒక్క ఇంటిని మాత్రం చెదరనివ్వం, మొత్తంగా తెచ్చి నడిమి తెప్ప మీద పెట్టుకుంటాం అన్నాడట.

"ఎప్పుడో ఒకప్పుడు ఇడిపోయే వరసే కదే ఇది," అంది గురమ్మత్త. "నా కొడుకు, కోడలు, పిల్లలిద్దరు, నాను. ఐదుగురం ఒక్కసోట ఉంటాం. నానేటి సెయ్యాల సెప్పు?"

"మరి నా పైడి?" అన్నాను.

ఆవిడ నూనె సీసాకి మూత పెట్టి, "నీ పైడి నా కోడలి కడుపున పుట్టనేదు కదే," అంది.

దానికి మొదటి స్నానం పోసిన మనిషి అంది ఆ మాట. కొట్టి ఉంటే బాగుండేది, నేను కూడా కొట్టేదాన్ని. పిల్లకి అన్నం పెట్టాలని గుర్తొచ్చి ఇంటికి వచ్చాను.

రోజు 97

వరస మొత్తాన్ని పిలిచి చెప్పాను. ఎర్రెమ్మ పక్కన నిలబడింది. గురమ్మత్త చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చి, గంజి వారుస్తుంటే ఆవిరి కొట్టిందని చెప్పింది. సగం మంది ఆవిడనే నమ్మారు. ముప్పయ్యొక్క ఏళ్ళ మోచెయ్యి ఒకవైపు, ఆరేళ్ళ చిట్టా ఒకవైపు. పెద్దరికం కోసం ఎగబడుతోంది అని నా గురించి ఎవరో వెనకనుంచి అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు, నిరుడు వాళ్ళావిడ పురిటికి మూడు రోజులు కూర్చున్నాను. తర్వాత, కడవలో కాచిన నీళ్ళు పోశావా లేదా అని అడిగారు. పోశాను అన్నాను. ఇక నా మాట వినేవాళ్ళు లేకపోయారు.

నేనూ ఎర్రెమ్మా పడవ కట్టించుకుని నడిమి తెప్పకి వెళ్ళాం. కొర్లయ్య మర్యాద తెలిసిన మనిషి. పీటలు వేయించాడు. గొట్టం పక్కన గోడకి అన్ని వరసల నీళ్ళూ చూపించే అతని సొంత మీటరు ఉంది, పన్నెండో వరస నీళ్ళు ముప్పయ్యొక్క డిగ్రీలు దాటాయని అందులో కనబడుతూనే ఉంది. దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"నాను సూస్తన్నానమ్మా, కాదన్ను," అన్నాడు. "కానీ మీటరు మాట సెల్లదని రాయించుకున్నది మీ తాతలే కదా. మూడు మోచేతులు కావాలమ్మా. రెండు తెచ్చేరు మీరు."

ఎర్రెమ్మ ఆ మీటరు వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. వాళ్ళమ్మ వరసని ముంచింది తప్పు చూపించిన మీటరు. ఇక్కడ మీటరు నిజమే చూపిస్తోంది. మనిషి గురించి ఏం రాసుకోవాలో మా తాతలకి తోచలేదు. మనవాళ్ళలో ఒకరు అమ్ముడుపోతారని ఊహించడం వాళ్ళకి తప్పుగా అనిపించి ఉంటుంది. నాకూ అలాగే అనిపించేది.

రోజు 101

ఎనిమిదో తాడు కూడా పోయింది. దాసు ఖాళీ తాళ్ళని పైకి లాగి, కడిగి, చుట్టి పెట్టాడు. ఎందుకు కడుగుతున్నావని అడగబోయి ఊరుకున్నాను.

పంపకం కాగితం వచ్చింది. దాసు నాలుగో వరస. నేను రెండో వరసలో నాచు ఎండబెట్టే షెడ్డు. పైడి ఏడో వరస. ఎర్రెమ్మకి ఆరో వరస, తనకి రెండోసారి ఇది. గురమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు: నడిమి తెప్ప. ఆ ఒక్క పంక్తిలోనే ఐదు పేర్లు కలిసి ఉన్నాయి. నన్ను అనుమానించినవాళ్ళంతా ఆ పంక్తి చదివారు. ఒకరిద్దరు మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక వెళ్ళిపోయారు. నేనూ పిలవలేదు.

పైడి కాగితం చదువుకుని, ఏడో వరసలో రాత్రి దీపం ఉంచుతారా అని అడిగింది. ఉంచుతారని చెప్పాను. నాకు తెలియదు.

రోజు 103

వరస ఉన్నంతవరకూ చిట్టా ఆగకూడదు. సాయంత్రానికి తెప్పలు విప్పేస్తారు కాబట్టి పొద్దున ఆఖరిసారి కడవలు తోడించాం. గురమ్మత్త వస్తుందనుకోలేదు. వచ్చింది, ప్రయాణానికి కట్టుకున్న మంచి చీరలోనే. మానుతున్న చెయ్యి ముంచింది. వంద లెక్కపెట్టింది.

ఉడుకు అన్నాను. ఉడుకు అంది ఎర్రెమ్మ.

"ఉడుకు," అంది గురమ్మత్త.

పదిహేను రోజులు ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆవిడ నోట్లోంచి. ఇప్పుడు దానికి ఖర్చేం లేదు కదా మరి. ఆవిడ నా దగ్గరికి వచ్చి మెల్లగా, "రాసీయే. ఈ సెయ్యి అబద్ధంతో ఎల్లడం నాకిష్టం నేదు," అంది.

నీ చెయ్యి కడుక్కోవడానికి నా చిట్టానా అని అరవాలనిపించింది. అరవలేదు. కొట్టలేదు. క్షమించనూ లేదు, ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. ముగ్గురూ ఉడుకు అన్నారు కాబట్టి చిట్టా తెరిచి, ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట పైకి పలికి, రాశాను. ఉడుకేరు. పడవవాడి చేత పంపించాను. ఆవిడ తృప్తిగా తలూపి వెళ్ళి తన వాళ్ళతో పడవెక్కింది. ఐదుగురూ ఒకే పడవలో పట్టారు.

కొర్లయ్య ఏమనుకున్నాడో తెలియదు గానీ, ఈసారి గురమ్మత్త కూడా కాదనదు కాబట్టి రాతని కాదనలేకపోయాడు. మధ్యాహ్నం దాటాక మా కాలవలో గుడగుడమని చప్పుడైంది, చన్నీళ్ళు వచ్చాయి. సగం వేడెక్కి వస్తాయన్నాడే, అలా ఏం లేవు. చెయ్యి పెడితే కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి. వాటికోసం కట్టిన ఎనిమిది తొట్లూ నాచు లేక ఖాళీగానే ఉన్నాయి. దాసు అలవాటుకొద్దీ మొదటి తొట్టి తూము సరిచేశాడు.

అంతలో ఏడో వరస పడవ వచ్చింది. పైడి బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడవకూడదని దానికి నేనే చెప్పాను, అది నా మాట విన్నది. పడవ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. నా వెనక తొట్లు ఒక్కొక్కటే నిండి, చన్నీళ్ళు తెప్ప అంచుమీదుగా పొర్లి సముద్రంలోకి పోతున్నాయి. ఇంకా తొమ్మిది రోజులు వస్తాయి.